ఫ్లాస్కు మూతలో నీళ్లు

“అంతమంది ముందు ఆవిడ చేతిని అలా తోసేస్తారా అత్తయ్యా? ఎంత హర్ట్ అయ్యుంటారు!”

“తోయక? తను తాగిన మూతలోనే పోసిచ్చింది. ఎంగిలి నేను తాగుతానా?”

కోడలు సుజాతతో ఈ గొడవ కారులోనే మొదలైంది. ఇక్కడ డబ్లిన్‌లో లైబ్రరీవాళ్లు పెద్దవాళ్లకు ఊరికే ఇంగ్లిషు నేర్పుతారంటే చేరాను. నాది నాలుగో తరగతి చదువు. మిగతావాళ్లంతా చైనావాళ్లే. ఆ రోజు పాఠం ‘వార్మ్’ అనే మాట. నీళ్లు వెచ్చగా ఉన్నా అదేనట, మనిషి ఆప్యాయంగా ఉన్నా అదేనట. క్లాసంతా ఈ ఒక్క మాటే! నాకు విసుగొచ్చింది. అర్థమైంది చేసి చూపించమంది టీచరు. నా పక్కన కూర్చునే లిన్ అనే ఆవిడ తన ఫ్లాస్కు మూతలో వేణ్నీళ్లు పోసుకుని ఓ గుక్క తాగి, మళ్లీ నింపి, “వార్మ్” అంటూ నా నోటి దగ్గర పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేత్తో తోసేశాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. రోజూ నన్ను సిగ్నల్ దాటించి ఇంటిదాకా దిగబెట్టే మనిషి, ఆ వేళ ఒక్కతే వెళ్లిపోయింది. ఈ ఊళ్లో నాకున్న తోడు ఆవిడే. నన్ను తీసుకెళ్లడానికి సుజాత ఆఫీసు మధ్యలో వదిలేసి రావాల్సి వచ్చింది.

“సారీ చెప్పేయండి అత్తయ్యా.”

“చెప్తే సరా? ఎంగిలంటే ఏమిటో ఆవిడకి ఏ భాషలో చెప్పను?”

మర్నాడు పొద్దున్నే క్లాసుకి స్టీలు గ్లాసు తీసుకెళ్లి, ఆవిడ పక్కన కూర్చుని ముందుకు చాపాను. ఆవిడ ఫ్లాస్కు తీసి సగం పోసింది. పెదవికి తగలకుండా ఎత్తి ఓ గుక్క తాగాను. ఆవిడ గ్లాసు లాక్కుని, తనూ అలాగే తాగబోయి స్వెటరంతా తడుపుకుంది. నా కొంగుతో తుడిచాను.