ఐదువందల డాలర్ల వాయనం

జీతం పడి, ఖర్చులకు తీసుకునే చెకింగ్ అకౌంట్‌కి వడ్డీ వస్తుందంటే అమెరికాలో ఎవరూ నమ్మరు. మా చిన్న బ్యాంకు ఒకటి ఇచ్చేది. ఊరికే ఇస్తుందా? ప్రతి నెలా బయటి నుంచి ఐదువందల డాలర్లు వచ్చి అందులో పడాలని షరతు పెట్టింది. పడని నెల వడ్డీ గోవిందా.

దాన్ని కనిపెట్టి ఇద్దరికీ అందులో అకౌంట్లు తెరిపించింది నా రూమ్మేట్. అరిజోనాలోని చాండ్లర్‌లో చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇద్దరం ఇంజనీర్లం, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆమెది గుంటూరు, నాది వరంగల్. పొద్దున లేస్తే తిట్లే. "పెరుగు గిన్నె మీద మూత పెట్టడానికి మీ వరంగల్లో చేతులు రావా?" అనేది. "మీ గుంటూరోళ్ళకు నోరు తప్ప ఇంకేమన్న వస్తదా?" అని నేను. ఆ తిట్లే లేకపోతే ఆ ఎడారిలో నాకు పొద్దు గడిచేది కాదు.

తర్వాత ఆమె పెళ్ళి చేసుకుని జార్జియాలోని అల్ఫారెట్టా వెళ్ళిపోయింది. నా పెళ్ళి కూడా అయింది కానీ నేను చాండ్లర్ వదల్లేదు. ఇద్దరి జీతాలూ ఇంటి లోన్ కట్టే అకౌంట్లకి మళ్ళాయి. పాత అకౌంట్లలో పడడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు ఆమె ఫోన్ చేసింది.

"నువ్వు నాకు ఐదొందలు పంపు. అవే నేను నీకు తిరిగి పంపుతా. వడ్డీ ఇద్దరికీ వస్తుంది."

"గిదేం లెక్కనే? బ్యాంకోడు పిచ్చోడా?"

"రూల్స్ అన్నీ చదివా. బయట నుంచి రావాలన్నాడు గానీ ఎవరి దగ్గర్నుంచి రావాలో చెప్పలా."

అట్లా ఆ డబ్బే అరిజోనాకీ జార్జియాకీ తిరగడం మొదలుపెట్టింది. నెల మొదట్లో చెక్ పోస్ట్‌లో వేసి, ఆఫీస్ నుంచి ఇంటికి డ్రైవ్ చేస్తూ ఆమెకి ఫోన్ చేసేదాన్ని. "ఇస్తినమ్మ వాయనం" అనేదాన్ని, నోము నోచుకున్నదానిలా. "పుచ్చుకొంటినమ్మ వాయనం" అనేది ఆమె, అటునుంచి పకపకా నవ్వుతూ. ఆమె పంపినప్పుడు ఇదే తంతు తిరగేసి నడిచేది. వచ్చే వడ్డీ ఇద్దరం కాఫీ తాగడానికి సరిపోతుందేమో! మాటలు మాత్రం ఇల్లు చేరి గరాజ్‌లో కారు ఆపాక కూడా తెగేవి కావు. చెక్ ఆలస్యమైతే ఇక చూడాలి. "ఏమే, మొద్దునిద్ర పోతున్నావా? నా వడ్డీ పోయిందా, నీ మెడ మీద కూర్చుని వసూలు చేస్తా!" ఆ ఫోన్ కోసం ఒక్కోసారి నేను కావాలనే ఆలస్యం చేసేదాన్ని.

పిల్లలు పుట్టారు, పనులు పెరిగాయి. ఒకరోజు ఆమే అంది, "ఇద్దరం ఆన్‌లైన్‌లో ఆటోమేటిక్ పెట్టేసుకుందామే, గుర్తుపెట్టుకునే బాధ ఉండదు." సరేనన్నాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు. డబ్బు దానంతటదే వెళ్ళేది, దానంతటదే వచ్చేది. ఫోన్లు పుట్టినరోజులకి తగ్గాయి. తర్వాత పండగ పూట ఒక మెసేజ్‌కి తగ్గాయి. అదే దారిలో డ్రైవ్ చేస్తూ రేడియో పెట్టుకునేదాన్ని. ఎంత మంచి పాట వచ్చినా ఆమె గొంతు మీదికే మనసు పోయేది.

ఒక మార్చి నెలలో నేను పంపడం ఆపేశాను. ఆమె తిట్లు వినాలనిపించింది, అంతే. వడ్డీ పోయిందని వారంలోపే అగ్గిమీద గుగ్గిలమవుతుందని నాకు తెలుసు. ఏం జవాబు చెప్పాలో కూడా తయారుచేసుకున్నాను. ఫోన్ రాలేదు. ఆమె ఐదువందలు మాత్రం ఠంచనుగా వచ్చాయి. మరుసటి నెలా అంతే. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలే ఎండలు వచ్చేశాయి. ఆమె డబ్బు నా దగ్గర పేరుకుపోతోంది, ఆమె మాత్రం నోరు విప్పడం లేదు. ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను.

"నా పైసలు వస్తలేవని చూసుకోలేదా నువ్వు?"

"మొదటి నెలే చూశానే."

"మరి అడగలేదేందే?"

"ఎట్టా అడగమంటావు? అక్కడ లేఆఫ్‌లు అంటున్నారు కదా. మీ ఆయన జాబ్‌కేమన్నా అయిందేమో అనుకున్నా. అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. నావి వస్తుంటే అవసరానికి అక్కరకొస్తాయిలే అని పంపుతూనే ఉన్నా."

నాకు ఏడుపొచ్చేసింది. తన వడ్డీ పోగొట్టుకుని, చేతి డబ్బు పంపుతూ, నన్ను ఒక్క మాట అడగకుండా ఉంది. ఈ దేశంలో నాకోసం అట్లా చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. కానీ పెరుగు గిన్నె మూతకి అపార్ట్‌మెంట్ అదిరిపోయేలా అరిచిన మనిషి, ఇప్పుడు నేను నొచ్చుకుంటానేమోనని ఆలోచిస్తోంది. నాకు కావలసింది ఈ మంచితనం కాదు, ఆ నోరు.

"జాబులన్నీ మంచిగనే ఉన్నయ్. నువ్వు ఫోన్ చేసి తిడతవని ఆపిన" అన్నాను.

"హమ్మయ్య, అంతేనా! నేనే చెయ్యాల్సిందిలే. బిజీ అయిపోయి కుదర్లా" అంది. వెనక నుంచి వాళ్ళమ్మాయి సాకర్‌కి టైమైందని పిలుస్తోంది. "ఇంకేంటి సంగతులు?" అంది ఆమె. ఫోన్ పెట్టేసే ముందు అందరూ అనే మాటే అది.

ఆ సాయంత్రమే కూడినదంతా ఒక్కసారిగా తిరిగి పంపించాను. మర్నాడు ఇంటికి డ్రైవ్ చేస్తూ ఫోన్ చేసి, ఆమె ఎత్తగానే, "ఇస్తినమ్మ వాయనం" అన్నాను.

'పుచ్చుకొంటినమ్మ' అంటుందని కారులో వాల్యూమ్ పెంచాను.

"అయ్యో, అంత తొందరేముందే? పర్లేదులే" అంది.

చాండ్లర్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమె నాతో ఒక్కసారి కూడా పర్లేదు అనలేదు.