బాగుండాది అనకూడని ఇల్లు

వై.ఎన్.హొసకోట బస్టాండు ఎదురుగా నాదొక చిన్న బేకరీ. ఈ పొద్దున రాగి బ్రెడ్డు ఓవెన్లోంచి తీస్తుంటే, పావగడ బస్సు కోసం నిలబడిన ఒకాయన ఆ వాసనకు లోపలికి వచ్చాడు. వేడి ముక్క నోట్లో పెట్టుకుని, "బాగుండాదక్కా" అన్నాడు. పాపం, మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఎవరో చెవి పట్టి మెలేసినట్టయింది. ఆ మాట అనకూడని ఇంట్లో పెరిగిన దాన్ని నేను. ఆ ఇంట్లో పనికి చేరేనాటికే నాకు పెళ్ళయి ఒక కూతురు కూడా ఉంది. అయినా పెరిగాననే అంటాను.

ఆ ఇల్లు అనసూయమ్మది. ఆమె పుట్టింది ఈ వైపే, నిడుగల్లు కోట కింద. అనంతపురంలో టీచరుగా పనిచేస్తూ నవలలు రాసింది. రిటైరయ్యాక మా వల్లూరు చివర రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఊరంతా ఆమెను కతలమ్మ అనేవాళ్ళు. సోలార్ పార్కు వచ్చి వేరుశనగ చేలన్నీ పలకల కింద పడిపోయాక, ఈ ఊరికి ఏరికోరి కాపురానికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఇక్కడ ఏముందని వచ్చావమ్మా అని అడిగితే, కౌజుపిట్టలు ఉన్నాయి కదా అనేది. పెరట్లో ఇసుక పోసిన పెద్ద ఇనుప కడాయి, దాని మీద రేకు మూత, కిందా పైనా నిప్పులు, అదీ ఆమె ఓవెన్. అందులోనే రాగి బ్రెడ్డు, బెల్లం కేకు, నువ్వుల బిస్కెట్లు. గడియారం చూసేది కాదు. పిండి పొంగే లోపల గుట్ట దాకా నడిచి వచ్చేది, రొట్టె కాలే లోపల ఒక పేజీ రాసుకునేది. తంగేడు పూసిందని ఒకరోజు, నెమలి పిల్లల్ని వెంటేసుకుని దారి దాటిందని ఇంకోరోజు, ఊరికే సంబరపడిపోయేది. ఇంత చిన్నదానికి ఇంత సంబరమా అని నేను నవ్వుకునేదాన్ని.

కరోనా జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వాసనలు పోయాయి. చాలామందికి తిరిగి వచ్చాయి, ఆమెకు రాలేదు. రొట్టె మాడుతున్నా తెలిసేది కాదు. అందరూ పనిమనిషిని చేతుల కోసం పెట్టుకుంటారు, నన్ను ఆమె ముక్కు కోసం పెట్టుకుంది. నేను తెల్లవారుతూనే పార్కులో పలకలు కడిగే పని చూసుకుని, ఆ తర్వాత ఆమె పెరట్లో నిప్పుల దగ్గర కూర్చునేదాన్ని. మొదటి రోజు మూత ఎత్తి, వాసన ఎట్ల ఉండాది అని అడిగింది. బాగుండాదమ్మా అన్నాను.

"బాగుండాది అనే మాట పెండ్లిలో బువ్వ తిని చెప్పుకో. ఈడ నాకు వాసన చెప్పు మే రత్నా."

వేయించిన రాగుల మాదిరి అన్నాను. అది సరుకు పేరు, వాసన కాదు అంది. బెల్లం మాదిరి అంటే, బెల్లం నేనే వేసినాను కదా అంది. ముక్కు నాదే, పొగ తాగేది నేనే, తిట్లు కూడా నాకేనా అని ఒళ్ళు మండేది. రేపటి నుంచి రాకూడదనుకుంటూనే వెళ్ళేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, ఎండకు ఆరేసిన దుప్పటి తెచ్చి కప్పుకున్నట్టు ఉండాదమ్మా, ఇంక చాలునా అని కసురుకున్నాను. ఆమె కళ్ళు మూసుకుని, "వచ్చింది, వచ్చింది" అంటూ చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూశాక నేను రోజూ దారంతా మాటలు వెతుక్కుంటూ వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఊరు కర్ణాటకలోది, చదువు నాది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు కూడా ఆ ఇంట్లోనే, పీట మీద చల్లిన రాగి పిండిలో వేలితో దిద్దాను. అక్షరాల తలకట్లు చూపించి, తెలుగు, కన్నడ అక్కచెల్లెళ్ళే, కొప్పు పెట్టుకోవడంలోనే తేడా అనేది.

ఆమె నవల మాత్రం ఆఖరి అధ్యాయం దగ్గర ఆగిపోయింది. అందులో ఒక ముసలమ్మ, ఏళ్ళ తరబడి కరువు చూసి, తొలివాన కోసం చేని గట్టు మీద కూర్చుని ఉంటుంది. వాన పడాలి, మట్టి వాసన లేవాలి, అక్కడితో కథ అయిపోవాలి. ఆ వాసన దగ్గరే ఆమెకు కలం సాగలేదు. ఎన్ని వానలు చూడలేదు నువ్వు, గుర్తు తెచ్చుకుని రాసెయ్యమ్మా అన్నాను.

"గుర్తుండాది అనుకుంటాం మే. నా ముక్కుకే రానిది, చదివేవాళ్ళకు యాడొస్తాది?"

అప్పటికే గుండె బలహీనపడింది, గుట్ట దాకా నడక మానేసింది. ఇదే తన చివరి పుస్తకమని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ ముసలమ్మను గట్టు మీద అట్లే కూర్చోబెట్టి తానే ముందు పోతానేమో అని ఒకసారి అంది. నవ్వుతూనే అంది. ఆ ఏడు వాన జాడే లేదు.

ఒకరోజు కడాయి నిప్పుల మీదికి ఎక్కించాక, తొలివాన వాసన నీ మాటల్లో చెప్పు అని అడిగింది. అదేం పెద్ద కథ, మాకు దినామూ వస్తాది కదా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. పలకలు కడిగిన నీళ్ళు జారి ఎండిన మట్టి మీద పడతాయి, పడగానే వాన వాసన లేస్తుంది, అది చెప్పాను.

"వాసన వచ్చేతలికి అందరం ఒక్కసారి పైకి చూస్తామమ్మా. మబ్బుండదు. నాతో పలకలు కడిగే మా పెద్దమ్మ అయితే దినామూ చూస్తాది, దినామూ తనను తానే తిట్టుకుంటాది. ఆ పలకల కింద ఉండేది ఆమె చేనే."

అనసూయమ్మ మళ్ళీ చెప్పమంది. ఎవరు ముందు తల ఎత్తుతారు, ఎంతసేపు చూస్తారు, చూశాక ఏం చేస్తారు, అన్నీ అడిగింది. చెబుతూ చెబుతూ ఉండగా పొగ కమ్మేసింది. ఆమెకు ముక్కు లేదు, నా ముక్కేమో మాటల్లో పడింది. రొట్టె బొగ్గయిపోయింది. ఇద్దరం కత్తితో మాడు గీరి, మిగిలింది టీలో ముంచుకుని తిన్నాం. అంత నవ్వు నేను ఆ ఇంట్లో మళ్ళీ నవ్వలేదు.

మర్నాడు తెల్లవారేసరికి అనసూయమ్మ పార్కు కంచె బయట కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎట్లా నడిచి వచ్చిందో ఏమో. నేను పైపు తిప్పాను. నీళ్ళు పలక మీదుగా జారి మట్టిలో పడ్డాయి. వాసన లేచింది. పెద్దమ్మ తల ఎత్తింది, వెనకే మేమంతా ఎత్తాం. ఆకాశం ఖాళీగా ఉంది. అనసూయమ్మ మమ్మల్ని చూస్తోందో లేదో అని కంచె వైపు తిరిగితే, వాసనే రాని మనిషి, ఆమె కూడా మాతో పాటు పైకే చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. పైపు పట్టుకుని అట్లే ఏడ్చాను.

ఆ వారంలోనే నవల పూర్తయింది. అందులోని ముసలమ్మ గట్టు మీది నుంచి లేచి మా పలకల మధ్యకు వచ్చింది. వాన పడలేదు, అందరూ పైకి చూడటంతో పుస్తకం అయిపోయింది.

అసలు వాన ఆలస్యంగా వచ్చింది. అప్పటికి అనసూయమ్మ మంచం దిగడం లేదు. నేను పని మధ్యలో వదిలేసి తడుస్తూ పరుగెత్తాను. తలుపులు తెరిచి మంచం పక్కన కూర్చుని, అడగకముందే చెప్పడం మొదలుపెట్టాను. కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోసినట్టు ఉండాదమ్మా అన్నాను. చంటిబిడ్డకు తల అంటి, తుడవక ముందే ఎత్తుకున్నట్టు ఉండాది అన్నాను. మా నాన్న చేను దున్ని వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టినట్టు ఉండాది అన్నాను. ఇక మాటలు అయిపోయి నేను ఆగాక, ఆమె నా తడి కొంగు పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బాగుండాది మే" అంది.

ఆ ఇంట్లో ఆ మాట నేను విన్నది అదొక్కసారే. ఆ వానాకాలం ఆమె దాటలేదు.

అందుకే ఈ పొద్దున ఆ బస్సాయనను ఊరికే పోనివ్వలేదు. "ఎట్ల బాగుండాదన్నా?" అన్నాను. ఆయన తికమకపడి, ఎట్లంటే బాగుండాదంతే కదక్కా అన్నాడు. అది కాదు, వాసన చెప్పమన్నాను. ఇదెక్కడి తంటా అన్నట్టు బయటికి చూశాడు. బస్సు వచ్చి నిలబడింది. చేతిలో ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"మా అవ్వ పొయ్యి కాడ కూర్చుని నన్ను ఒళ్ళో వేసుకుంటా ఉండె. ఆమె కోక మాదిరి ఉండాది" అన్నాడు.

పావగడ బస్సు వెళ్ళిపోయింది. ఆయనకు ఇంకో ముక్క కోసి ఇచ్చాను.