ఉమాశంకర్ జవాబుకు మూడు దారులు

ఉమాశంకర్‌ను ఏదడిగినా జవాబు ఒక్కటే, దాని వెనక వచ్చే దారులు మాత్రం మూడు. "టైమెంతన్నా?" అంటే, "పదకొండు. టీ కావాలంటే కింద అంగడి, అన్నానికైతే పక్క సందు, ఇంటికి పోవాలంటే ఆళ్లగడ్డ బస్సు ఆడ" అంటాడు.

నంద్యాలలో విత్తనాల అంగళ్లకు ఆర్డర్ల యాప్ చేసే ఆఫీసు అతనిది. యాప్‌కూ అదే రోగం అంటించాడు. "ఆర్డరు అందింది" అని సర్వరు చెప్పి ఊరుకోకూడదు. దాని కిందే చూసుకోవడానికి, మార్చుకోవడానికి, వద్దనుకోవడానికి తలా ఒక లింకు ఉండాల్సిందే. ఆ సర్వరేమో అన్నీ కుదిరేదాకా ఆగే రకం కాదు, సిద్ధమైన ముక్కను సిద్ధమైనట్టే తోసేస్తుంది. జవాబు ముందొచ్చి లింకులు వెనకబడితే, "వస్తాండాయి, వస్తాండాయి" అని తెరను బుజ్జగించేవాడు ఉమాశంకర్.

"జవాబు కంటే తోక పొడుగు గదప్పా!" అనేవాడు భాగస్వామి శ్యాంసుందర్.

"తోక లేకుంటే ఆడినుంచి యాడికి పోవాలో ఎట్ల తెలుస్తాదప్పా?"

యాప్ పరీక్షించే కావ్య పదో తరగతితో చదువాగిన పిల్ల. నలుగురిలో నోరు పెగలదు. లోపల మాత్రం తెగ నవ్వుకునేది.

ఆళ్లగడ్డ వ్యాపారి పాండురంగయ్యకు యాప్ చూపించే పని ఆమె మీదే పడింది. ఆయనకు నచ్చితేనే ఆమె ఉద్యోగం ఖాయం. బట్టీ పట్టిన ఉపన్యాసమంతా బస్సులోనే ఉండిపోయింది, ఆమె ఒక్కతే అంగడి చేరింది. ఒక ఆర్డరు పెట్టి నొక్కితే "ఆర్డరు అందింది" అని వచ్చింది. కింద ఖాళీ.

"ఇంతేనా పాపా? బస్తాలు తగ్గించాలంటే ఎట్ల?"

కావ్య తెరను కిందికి జరిపి చూసింది. అంతలో లింకులు ఒక్కొక్కటే దిగాయి. 'మార్చుకోండి' మీద వేలు పెట్టింది. అది ఇంకో దారి చూపింది, ఆ దారి మరొకటి. ఆమె నోరు తెరవకముందే పని ముగిసింది.

"బలే చెప్పినావు పాపా!" అన్నాడు పాండురంగయ్య.

ఆఫీసుకొచ్చి జరిగింది చెబితే శ్యాంసుందర్ నవ్వాడు. "తోకే గెలిపించిందా? నువ్వు రాకముందు మావోడు ఒక్క మాటతో సరిపెట్టేవాడు. తొలిరోజు కూర్చోమని ఎవురూ చెప్పలేదని మధ్యాహ్నం దాకా వాకిట్లోనే నిలబడ్డావు చూడు, ఆ పొద్దు అంటుకుంది ఈ రోగం. 'అడగలేనోళ్లు ఉంటారప్పా, మనమే చెప్పాల' అంటాడు."

కావ్యేమో ఆ రోజు తన మర్యాద చూసి అందరూ ముచ్చటపడ్డారనే ఇన్నాళ్లూ అనుకుంటోంది!

నేరుగా ఉమాశంకర్ ముందుకెళ్లి నిలబడింది. "అన్నా, ఆర్డరొచ్చింది. టీ కావాలంటే ఈడికే తెప్పిస్తా. మిఠాయి కావాలంటే నా సంచిలో ఉంది."

ఉమాశంకర్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "మూడోది యాడమ్మా?"

"వస్తాందన్నా!"