మెరక మీద పడక

కొన్నాళ్లుగా మా ఏలూరు ఇంట్లో సాయంత్రమయ్యేసరికి ఒకటే పంచాయితీ, అండమాన్ వెళితే ఏ దీవిలో ఏ గదిలో దిగాలి అని. సోఫాకి ఒక మూల మా అమ్మాయి ఒక ఫోనుతో, ఇంకో మూల మనవరాలు ఇంకో ఫోనుతో, మధ్యలో కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని నేను. ఒక గది సరిగ్గా నీళ్ల అంచున ఉందట, తలుపు తీస్తే అల వచ్చి మెట్టుని తాకుతుందట. ఇంకొకటి ఇసుకలో కొబ్బరిచెట్ల కింద, ఊగడానికి ఉయ్యాల కూడా కట్టి ఉంచారట. మూడోది కొండవాలు మీద, మెట్లెక్కి పోవాలి, సముద్రం చెట్ల సందులోంచి సగమే కనబడుతుంది, అందుకని అక్కడ దిగినవాళ్లు దానికి నక్షత్రాలు తక్కువ ఇచ్చారట. మనకి తెలిసిన నక్షత్రాలు అశ్విని, భరణి అంతేగా, గదులకి కూడా నక్షత్రాలుంటాయని ఈ వయసులో నేర్చుకున్నానండీ.

"అమ్మా, నువ్వు చెప్పు, ఎక్కడ దిగుదాం?" అంది అమ్మాయి. కొండ మీదదే తీసుకోమన్నాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు. అంత డబ్బు పోసి దీవికి వెళ్లి, సముద్రానికి దూరంగా మెరక మీద పడుకునే మనిషి ఎవరన్నట్టు. అసలు పేచీ గది గురించి కాదు. మా తమ్ముడూ మరదలూ కూడా మాతో రావాలని మా అమ్మాయి పట్టు, నాకూ వాడికీ మాటలు లేక చాలా కాలమైంది. "మామయ్యని నేను పిలిస్తే రాడమ్మా, నువ్వు పిలిస్తేనే వస్తాడు" అంటుంది. నేను పిలవను. ఇదీ వరస. ఆ రాత్రి పడుకున్నానే గానీ నా మనసు అండమాన్‌కి పోలేదు, కొల్లేటికి పోయింది.

మా అమ్మమ్మగారి ఊరు కొల్లేటికోటకి అవతల ఒక చిన్న లంక. చుట్టూ నీళ్లు, కిక్కిస గడ్డి, మధ్యలో నాలుగు వీధులు. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో గుమాస్తా. సెలవులొస్తే పాసింజరు రైలెక్కి, భీమడోలు దాటి, ఏలూరులో దిగి, అక్కణ్ణించి ఎడ్లబండి మీద సరస్సు ఒడ్డుకి చేరేవాళ్లం. అక్కడ తాతయ్య తాటిదోనెతో కాచుకుని ఉండేవాడు. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనెలో కదలకుండా కూర్చోవాలి, కదిలితే అందరూ తడుస్తారు, నేను ప్రతిసారీ కదిలి ప్రతిసారీ తిట్లు తినేదాన్ని. తాతయ్య గడ వేస్తుంటే పక్కనే గూడకొంగలు పెద్దమనుషుల్లాగా చూస్తూ ఉండేవి. ఆ వాసన, అదే, పచ్చిగడ్డీ చేపా బురదా కలిసిన వాసన, ఇప్పుడు మీకు చెబుతుంటే కూడా ముక్కుకి తగులుతోంది.

తాతయ్య ఇల్లు రేవు పక్కనే. అరుగు మీద కూర్చుంటే కాళ్ల కింద నీళ్లు. నాన్నగారికి ఆ అరుగంటే ప్రాణం, ఎండాకాలం పగలూ రాత్రీ అక్కడే మంచం. వానలు పట్టాయంటే మాత్రం ఆ ఊరి కట్టుబాటు వేరు. పైన బుడమేరూ తమ్మిలేరూ పొంగితే ఆ నీళ్లన్నీ కొల్లేటికే వస్తాయి, ఎప్పుడొస్తాయో తెలీదు. అందుకని వానాకాలంలో ఊళ్లోకి ఏ చుట్టం వచ్చినా, ఎవరింటి చుట్టమైనా సరే, పడక మాత్రం ఊరికంతకీ ఎత్తయిన మెరక మీదున్న ఇంట్లోనే. చుట్టం, చూలాలు, విత్తనాల బస్తా, ఈ మూడింటికీ మెరక అని పెద్దవాళ్లు పెట్టిన వాడుక. అయితే ఊరికే ఎక్కి పోవడానికి లేదు. చుట్టం వచ్చిన ఇంటి యజమాని స్వయంగా మెరకెక్కి, మా ఇంటికి మనిషొచ్చారు, పడక కావాలి అని అడగాలి. అడిగాక ఆ ఇంటివాళ్లు లేదనకూడదు. నాన్నగారు కొత్తల్లో ఎగతాళి చేసేవారట, చుట్టానికి గాలి కావాలి గానీ మెరకెందుకండీ అని. మా అమ్మమ్మ తలుపు చాటునుంచే సమాధానం చెప్పేదట. "గాలి ఎక్కడికైనా వస్తుందండి అల్లుడుగారూ. నీరు పల్లమెరుగు అన్నారు, నీళ్లెక్కడికి రావో అది చూసుకోవాలండి."

ఆ ఎత్తయిన మెరక మీది ఇల్లు ఎవరిదనుకున్నారు, మా తాతయ్య సొంత తమ్ముడిది. మేము చిన్నతాతయ్య అనేవాళ్లం. అన్నదమ్ములిద్దరూ ఆ మెరక మీదే పుట్టి పెరిగారు. పంపకాల్లో దోనెకి వీలుగా ఉంటుందని తాతయ్య రేవు పక్క ఇల్లు తీసుకున్నాడు, చిన్నతాతయ్యకి మెరక వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. వాళ్ల నాన్న వాడిన పాత తాటిదోనె ఒకటి మెరక కింద బోర్లించి ఉండేది. ఒకనాడు చిన్నతాతయ్య దాన్ని అడ్డంగా కోయించి, గొడ్లకి కుడితి తొట్టి చేసి పెరట్లో పెట్టుకున్నాడు. చిల్లులు పడి ఎందుకూ పనికిరాని దోనె అది, నిజమే. కానీ తాతయ్యకి లోకం తలకిందులైపోయింది. నాన్న ఎక్కి తిరిగిన దోనెలో గొడ్లకి కుడితి పోస్తావా అని వీధిలో నిలబడి అరిచి, ఇక ఆ మెరక ఎక్కితే తన పేరు మార్చుకుంటానన్నాడు. మా తాతయ్య పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఏళ్లు గడిచినా ఎక్కలేదు. వానాకాలంలో చుట్టాల్ని రావద్దని కబురు పెట్టేవాడు గానీ తమ్ముణ్ణి పడక అడిగేవాడు కాదు.

నాకు ఊహ వచ్చిన ఒక ఏడాది మా అమ్మ రెండో పురుటికని లంకకి వచ్చింది. నెలలు నిండేసరికి వానలు వెనకబట్టాయి, ఇక రావులే అనుకున్నారు. అనుకున్నంతసేపు పట్టలేదు. ఒక రోజు పొద్దున్న లేచేసరికి ఆకాశం నల్లగా దిగిపోయింది, మధ్యాహ్నానికి రేవు మెట్లు కనబడలేదు, ఇంకాసేపటికి నీళ్లు అరుగెక్కాయి. సరిగ్గా అప్పుడే అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఆ వానలో దోనె మీద ఒడ్డుకి పోవడం జరిగే పని కాదు. ఇంట్లో ఉన్నవి మట్టిగోడలు. పోగలిగిన చోటు ఒక్కటే, అది వీధి చివర కళ్లముందే కనబడుతోంది.

నాన్నగారు ముందురోజే వచ్చి ఉన్నారు. నేను వెళ్లి అడుగుతానండీ అని పంచె ఎగ్గట్టి బయల్దేరబోతే అమ్మమ్మ అడ్డం పడింది. అల్లుడు తానే చుట్టం, చుట్టం పోయి పడక అడుక్కుంటే ఇంటి యజమాని బతికున్నట్టా లేనట్టా? సరే, అడగకుండానే ఎక్కిద్దామని అమ్మమ్మ అంటే, మంచం మీద మెలికలు తిరుగుతున్న మా అమ్మ ఒప్పుకోలేదు. "నాన్న అడగకుండా ఆ గడప నేను తొక్కనమ్మా. రేపు ఊళ్లో నాన్న తలెత్తుకోలేడు" అంది. మా అమ్మ కూడా ఆ తాతయ్య కూతురే కదా. తాతయ్యేమో వసారాలో పీట మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు, పీట కింద నీళ్లు. ఎవరి వంకా చూడడు. అమ్మమ్మ ఏడిచింది, తిట్టింది, దేవుళ్లందరికీ మొక్కింది. నాకు భయమేసి అమ్మ చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి చల్లగా ఉంది.

అప్పుడు అమ్మ గట్టిగా మూలిగింది. ఒక్కసారే. తాతయ్య చేతిలో వల పక్కన పెట్టాడు. తుండు నడుముకి బిగించి, నన్నెందుకో భుజాన ఎత్తుకుని, మోకాలిలోతు నీళ్లలో నడిచి మెరకెక్కాడు. ఒంటరిగా ఆ గుమ్మంలో నిలబడలేక నన్ను తోడు తీసుకెళ్లాడని ఇప్పుడు అనిపిస్తుంది. చిన్నతాతయ్య ఆ తొట్టి దగ్గరే ఆవుని విప్పుతున్నాడు. తాతయ్య తొట్టి వంక చూడకుండా, పరాయి మనిషితో చెప్పినట్టు చెప్పాడు.

"మా ఇంటికి చుట్టం వచ్చింది. పడక కావాలి."

చిన్నతాతయ్య పలుపు వదిలేశాడు. ఇంట్లోకి తిరిగి, "ఏమేవ్, పడమటింట్లో నులకమంచం బిగించి వెయ్యి, అమ్మాయొస్తోంది" అని కేకేశాడు. ఆ మంచం పొద్దున్నే బిగించి వేసే ఉందని, వాన మొదలైనప్పటినుంచీ ఆయన గుమ్మానికీ పెరటికీ తిరుగుతూనే ఉన్నాడని, తర్వాత చిన్నమ్మమ్మ చెప్పి నవ్వేది.

అమ్మని దోనెలో పడుకోబెట్టి మెరక దాకా తెచ్చారు. మంత్రసాని వచ్చింది. అందరం పైకి చేరాం, తాతయ్య తప్ప. ఆయన మళ్లీ దిగిపోయి, తన ఇంటి స్తంభానికి దోనె కట్టుకుని అందులో కూర్చున్నాడు. కూతురికి అడిగాడు గానీ తనకి అడగలేదు కదా, ఎలా ఎక్కుతాడు? చిన్నతాతయ్య పైనుంచి రమ్మని పిలిచాడు. పలుకు లేదు. అమ్మమ్మ పిలిచింది. లేదు. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి, ఆ దోనె ఇంటి చూరుకి తగులుతోంది. నేను మెరక అంచున నిలబడి తాతయ్యా తాతయ్యా అని ఏడుస్తున్నాను.

అప్పుడు చిన్నతాతయ్య ఏం చేశాడో తెలుసా అండీ? పైనుంచి దిగి, ఛాతీలోతు నీళ్లలో నడిచి పోయి, అన్న దోనెలో ఎక్కి కూర్చున్నాడు. కాళ్లు చాపుకుని, భుజం మీద తుండు దులుపుకుని, తీరిగ్గా అన్నాడు. "అన్నయ్యా, ఈ పూట నేను మీ ఇంటికి చుట్టాన్ని. వానాకాలం చుట్టాన్ని ఎక్కడ పడుకోబెడతావో నీ ఇష్టం."

తాతయ్య ఇరుకున పడ్డాడు. కట్టుబాటు కట్టుబాటే. తన ఇంటికి చుట్టం వచ్చాక మెరక మీదికి తీసుకుపోక తప్పదు, తీసుకుపోయినవాడు తానే ముందు ఎక్కక తప్పదు. "చిన్నప్పణ్ణించీ ఇంతేరా నువ్వు" అన్నాడు. ముడి విప్పి, గడ వేశాడు. తమ్ముడి మెరకకి తమ్ముణ్ణే చుట్టంగా తోలుకొచ్చి, గుమ్మంలో నిలబడి, మా ఇంటికి మనిషొచ్చాడు, పడక కావాలి అని చిన్నమ్మమ్మని అడిగాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్విన నవ్వు నేను మరిచిపోలేను. దీపాలు పెట్టే వేళకి మా తమ్ముడు పుట్టాడు. తెల్లారేసరికి రేవు పక్క ఇంటి వెనకగోడ కూలి ఉంది, ముందురోజు అమ్మ మంచం ఉన్న చోటే.

ఆ తర్వాత అంతా తీపైపోయిందని అనుకోకండి. తొట్టి కనబడినప్పుడల్లా తాతయ్య గొణుగుతూనే ఉండేవాడు, చిన్నతాతయ్య వినబడనట్టు ఉండేవాడు. కానీ ఆ గొణుగుడు ఆ ఇంట్లోనే అన్నం తింటూ గొణిగేవాడు. చిన్నతాతయ్యకి పిల్లల్లేరు. పోయేముందు ఆ మెరకని మా తమ్ముడి పేర పెట్టాడు, చుట్టంగా వచ్చి పుట్టినవాడికే అది చెందాలని.

ఇక నా కోపం సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. మా తమ్ముడు ఆ మెరకని చేపల చెరువుకి ఇచ్చేశాడు. పొక్లెయిన్ వచ్చి, తరాలవాళ్లు తట్టలతో మోసి ఎత్తు చేసిన మట్టిని తవ్వి, చెరువుగట్టుకి పోసేసింది. నేను అడిగితే, "ఎవరూ ఉండని దిబ్బ అక్కా అది, ఇంటి గోడలు కూడా లేవు" అన్నాడు. నిజమే. ఆ ఊళ్లో మనవాళ్లెవరూ లేరు. కానీ దిబ్బ అన్నాడే, ఆ మాట నాకు గుచ్చుకుంది. నువ్వు కళ్లు తెరిచిన నేలరా అది అని ఫోను పెట్టేశాను. మళ్లీ ఎత్తలేదు.

అండమాన్ గదుల గొడవ నడిచిన ఆ రాత్రి నాకు ఒక్క సంగతి తోచింది. తొట్టికి పట్టిన పంతమూ మెరకకి పట్టిన పంతమూ రెండూ ఒకటే, నేను తాతయ్య మనవరాల్ని. అయితే ఆ కథలో చిన్నతాతయ్య కూడా ఉన్నాడు కదా. తెల్లారి ఎవరికీ చెప్పకుండా చిన్న సంచీలో రెండు చీరలు పెట్టుకుని రైలెక్కాను. భీమడోలు దాటుతుంటే మధ్యలో దిగి వెనక్కి పోదామా అనిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. దోవ పొడుగునా చెరువులే, గట్లే. తాడేపల్లిగూడెంలో ఆటో దిగి తమ్ముడి ఇంటి తలుపు కొడితే వాడే తీశాడు. జుట్టంతా నెరిసిపోయింది, నాతో చెప్పకుండానే.

"చుట్టంగా వచ్చానురా. ఎక్కడ పడుకోబెడతావో నీ ఇష్టం" అన్నాను.

ఆ కథ ప్రతి పుట్టినరోజు పండక్కీ మా అమ్మ చెప్పగా విని పెరిగినవాడు వాడు. నా చేతిలో సంచీ తీసుకుని మేడమెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. మోకాళ్లు కలుక్కుమంటున్నా నేనూ వెనకే ఎక్కాను. మేడ మీద గదిలో తనే దుప్పటి పరిచి, తలగడ సర్ది, ఆ మంచం అంచున కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడిచాడు. మెరక తిరిగి రాదు. దాని మీద నా బాధ తీరిందని చెప్పను, అబద్ధమవుతుంది. కానీ తమ్ముడు అండమాన్ వస్తున్నాడు.

అమ్మాయి కొండ మీది గదులే తీసుకుంది, పక్కపక్కన. సంతోషమే. ఫోను చూస్తూ అన్నీ వివరంగా చెబుతోంది, విమానం ఎన్నింటికి, పడవ ఎక్కడ ఎక్కాలి, పొద్దున టిఫిను వాళ్లే పెడతారా లేదా. అన్నీ విని, అక్కడికెళ్లాక గుమ్మంలో నిలబడి ఎవర్ని అడగాలే అన్నాను. తనకి నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎవర్నీ అడగక్కర్లేదమ్మా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, తాళం ఇచ్చేస్తారు" అంది.