ఆ ఊరి పుస్తకం ఆ ఊరోడే చదువాలె

మా బావ పర్శరాములుకు ఒక్కటే పిచ్చి. ఏ ఊరికి పోయినా ముందుగాల పుస్తకాల దుకాణం ఏడున్నదని అడుగుతడు. దొరికినంక, "మీ ఊరోళ్లు రాసింది ఏదన్న ఉంటె ఇయ్యిండ్రి" అంటడు. ఏ భాషైతె ఏంది, దేని మీదైతె ఏంది, కొంటడు. కొన్నోడు చదువాలె గద? చదువడు!

బావది బట్టల దలాలీ. కరంటు మగ్గాల సాంచల మీదికెళ్లి దిగిన కోరా బట్టకు గిరాకీ ఎతికిపెడ్తడు. గా పనిమీద సూరత్, ఇచల్‌కరంజి, ఈరోడ్ తిరుగుతడు. ఒకసారి మాలేగావ్‌ల దోస్తు తండ్రి సచ్చిపోతె మట్టికి పోయిండు. పాడె లేసింది గని మా బావ లేడు. గల్లీ మలుపుల ఒక ముసలాయిన పుస్తకాల దుకాణంల నిచ్చెన ఎక్కి ఉన్నడు. పాడె ముంగటికెళ్లి పోతుంటె నిచ్చెన మీదికెళ్లే దండం పెట్టిండట. ఇంటికి ఉర్దూ పుస్తకం పట్టుకొచ్చిండు.

మా అక్క కళ నెత్తి కొట్టుకున్నది. "ఉర్దూ నీకు వస్తదా?"

"రాదు."

"మరి ఎందుకు తెచ్చినవ్?"

"మాలేగావోడు ఎవడన్న దొరుకుతడు. చదివిపిచ్చుకుంట. ఆ ఊరి పుస్తకం ఆ ఊరోడే చదువాలె."

"తెలుగుదైతె నువ్వే చదువచ్చు గద?"

"నేను చదివితె నాకు నిద్రొస్తది."

ఈరోడ్ నుంచి తెచ్చిన తమిళ పుస్తకం కథ ఇంకో తీరు. మా భివండీ పక్కన కాశేలి గోదాంల మాల్ ఎక్కుతున్న లారీకి ఈరోడ్ డ్రైవర్ దొరికిండు. ఇగ చూస్కో, బావ పుస్తకం ఆయన చేతుల పెట్టి పక్కన క్యాబిన్ల ఎక్కి కూసున్నడు. మాల్ ఎక్కింది, తాడు గట్టిండ్రు, లారీ కదుల్తలేదు. గోదాం సేట్ వచ్చి మొత్తుకుంటె డ్రైవర్ కండ్లు తుడుచుకుంట, "సేట్, థోడా రుకో, లడ్కీ కా షాదీ హో రహా హై" అన్నడు. ఎవల బిడ్డనో, ఏం పెండ్లో! కింద నిలబడ్డ నేను నవ్వలేక సచ్చిన. సేట్ మాత్రం నవ్వలే.

గిసొంటి పుస్తకాలు మా అక్కోళ్ల ఒక్క అర్ర ఖోలీల అటక నిండ ఉన్నయి. "మనుషులు పండెతందుకు జాగ లేదు, ఇవి మాత్రం కాళ్లు సాపుకొని పన్నయి" అని అక్క రోజూ ఒర్లుతది. "సాంచలన్న పాతినుము కొనే భంగారోడు తీస్కపోతున్నడు, వీటిని వాడు గూడ ముట్టడు!"

అక్క మాట నిజమే. ఈ ఏడు మా భివండీల వాన కంటె ముందు భంగార్ టెంపోలు దిగినయి. నాగావ్‌ల కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డయి. సాంచలను ఇరగ్గొట్టి తూకానికి అమ్ముతున్నరు. నాది సాంచల సామాన్ల దుకాణం. పొద్దంత కూసుంటె ఈగలు దప్ప గిరాకీ లేదు. వాన ఒకటి, గల్లీల మోకాళ్ల బంటి నీళ్లు ఒకటి. ఎవల మొఖం చూసినా ఏడ్పుమొఖమే.

గా టైముల అంకుశం మాట బందైంది.

అంకుశం కనేరిల సాంచలు నడుపుతడు. జగిత్యాల దిక్కు మనిషి. భూమి లేదు, జాగ లేదు. ఎండకాలం ఊర్లె పెండ్లాం సచ్చిపోయింది. ఈయన రైలు దిగి పోయెవరకు అంతా అయిపోయింది. వాపస్ వచ్చినంక నోరు తెరువలే. సాంచల చప్పుడుకు మొదలు ఎవ్వలకు తెల్వలే. తర్వాత పనోళ్ల మీది ముకాదం చూసిండు: "పోగు తెగింది, సాంచా ఆపు" అని ఒర్లినా ఉలుకు లేదు పలుకు లేదు.

"గిట్లాంటోన్ని సాంచల నడుమ ఉంచితె ఎప్పుడో చెయ్యి పోతది" అన్నడు ముకాదం. "దసరా దాక చూస్త. అప్పటికి మాట్లాడకుంటె ఊరికి పంపిస్త."

ఐలవ్వ కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఒంటరిగ ఉండే పనోళ్లకు బువ్వ పెట్టే భిస్సీ ఆమెది. "ఊర్లె ఎవలున్నరు బిడ్డా వీనికి? ఆ గుడిసె గూడ కూలిపాయె. బువ్వ ముంగట కూసుంటడు, గెలికి లేస్తడు."

అప్పుడే మా బావ జగిత్యాల పోయి వచ్చిండు. పుస్తకం తేకుంట ఉంటడా! సక్కగ భిస్సీకి పోయి అంకుశం చేతుల పెట్టిండు. "మీ దిక్కుదే తమ్మీ. జర చదివి ఇనిపియ్యి. ఐలవ్వా, ఛాయ్ పెట్టు."

నాకు మండింది. "బావా! ఆయన బాధ ఆయనది, నీ పిచ్చి నీది! సిగ్గుండాలె!"

బావ నాదిక్కు సూడనన్న సూడలే. ఛాయ్ తాగిండు. ఇంకో ఛాయ్ తాగిండు. అంకుశం పుస్తకం దిక్కు శానసేపు చూసిండు. ఆఖరికి గొంతు సవరించుకొని, "ఒక ఊర్లె... ఒక ఆడామె ఉండె" అన్నడు.

ఐలవ్వ చేతుల గంటె చేతుల్నే ఉన్నది.

ఆ దినం గంతే. తెల్లారి ఇంకో పేజీ. ఆడామె నాట్లకు పోతె గట్టు మీదున్న పటేల్ గూడ ఆమె మాటకు జవాబియ్యలేకపోయెటోడు. మొగడు అంగట్ల గాజులు కొంటె చిన్నగైనయి. "ఇవి నాకా, నీ రెండో పెండ్లానికా?" అని ఊరంత ఇనబడేటట్టు అడిగింది. మొగడు మూడు దినాలు ఇంట్లకు రాలే. భిస్సీల అందరు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. ఆ నవ్వుల అంకుశం రెండు రొట్టెలు తిన్నడు. దసరాకు ముందే పగార్ పైసల కాడ ముకాదంతోని కొట్లాడిండు. గంత గట్టిగ ఒర్లినోన్ని పంపుడెట్ల? ఊరికి తోలుడు ముచ్చట బంద్ అయింది.

నాకైతె ఆ పుస్తకం అంటె పానం. జగిత్యాల దుకాణంకు ఫోన్ చేసి, బావ కొన్న పుస్తకమే పంచెతందుకు ఐదు కాపీలు పంపుమన్న. "ఐదా?" అన్నడు దుకాణపాయిన. నమ్ముతలేడు. పార్సిల్ వచ్చింది. అక్క ఊర్లె తెలుగు బడిల చదివింది; నేను చదివింది మరాఠీ బడిల, తెలుగు మాట్లాడుడే గని చదువరాదు. అక్క కాడికి ఉరికిన.

"అక్కా, గాజుల కాడికెళ్లి చదువు!"

అక్క పేజీలు తిప్పింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. "గాజులేడియిరా? నిమ్మతోటల ఆకుముడత అని ఉన్నది. ఎరువులు... నీళ్లు పెట్టుడు..."

"ఆడామె?"

"నిమ్మచెట్టేరా, మొదటికెళ్లి ఆఖరి దాక!"

వానల తడుసుకుంట భిస్సీకి పోయిన. "అంకుశం!" అని ఒర్లబోతుంటె బావ నా రెట్ట పట్టి బయట రేకుల కిందికి గుంజిండు.

"ఆయనకు చదువరాదు బావా! మోసం!"

"ఎరుకేరా. మొదటి దినమే తలకిందులు పట్టుకున్నడు."

"మరి చెప్పవా?"

"ఏం చెప్పాలె? మాట్లాడు అంటె మాట్లాడ్తడా? నీ పెండ్లాం గురించి చెప్పు అంటె నోరు ఇప్పుతడా? చేతుల పుస్తకం ఉంటె, పుస్తకం చెప్తున్నది అనుకొని చెప్పుకుంటడు."

"మరి ఈరోడ్ డ్రైవర్..."

"ఆయన చదివిండో చెప్పిండో నేను అడుగలే. బిడ్డ లగ్గానికి ఇంటికి పోలేకపోయినోడు, యాదికొచ్చింది ఏదో చెప్పుకున్నడు."

నా కోపం ఎటు పోయిందో నాకే తెల్వదు. లోపలికి పోయినం. అంకుశం పుస్తకం మూసి, మిగిలిన పేజీలను బొటనవేలితోని తడుముతున్నడు. ఎన్నో లేవు.

"అన్నా, ఇంకో పుస్తకం దొరుకుతదా?" అన్నడు మెల్లగ. "ఇది ఒడిసిపోతున్నది. పేజీలు ఒడిసినయంటె ఆమె సచ్చిపోతది."

ఐలవ్వ మొఖం అటు తిప్పుకున్నది. బావ, "దొరుకుతది తమ్మీ" అని మాత్రం అన్నడు.

ఆ వారమే సామాను కోసం షోలాపూర్ పోయిన. బస్సు దిగి ముందుగాల పుస్తకాల దుకాణం ఏడున్నదని అడిగిన. చిన్న దుకాణం. తెలుగాయినే కూసున్నడు.

"ఏం కావాలె? కథలా, పాటలా, దేవునియా?"

"ఏదైతె ఏంది. లావుగుండాలె."

ఆయన నన్ను పైకి కిందికి చూసిండు. నిచ్చెన ఎక్కి దుమ్ము కొట్టుకుంట పెద్దది ఒకటి దించిండు. "ఇగో, మా ఊరి వకీలు రాసిండు. సహకార సంఘాల నియమాలు. ఇంత లావుది ఇంకోటి లేదు. గని ఇది మొదటి భాగమే..."

"రెండోది గూడ ఇయ్యి" అన్న.