మూడో లేన్ ప్రార్థనకు నాలుగో లేన్‌లో పది

బల్లిని కూడా చంపలేని పిస్టల్‌తో నేను ఒకే ఒక్క పూటలో ఇద్దరు ఆడపిల్లల్ని ఏడిపించాను. ఒక పెద్దమనిషికి బీపీ పెంచాను. పదమూడు మంది విశ్వాసుల నోళ్లు కట్టేశాను. ఆ ఇద్దరు ఆడపిల్లల్లో ఒకదాన్ని నేనే. కంగారు పడకండి, ఎవరికీ గాయం కాలేదు. తగిలిందల్లా నా పరువుకే. అదీ అంచున కాదు, సరిగ్గా నడిమధ్యలో.

ముందు ఆ పిస్టల్ సంగతి చెప్పాలి. అది గాలి ఒత్తిడితో పేలే పోటీ పిస్టల్. పది మీటర్ల దూరంలో ఒక కాగితం కార్డు, దాని మీద నల్లటి గుండ్రం, గుండ్రం నడుమ మిరియం గింజంత చుక్క ఉంటాయి. సీసపు గుండు ఆ చుక్కలో పడితే పది పాయింట్లు. ఖమ్మంలో మా క్లబ్బు మిర్చి యార్డు వెనక ఒక పాత గోదాములో ఉండేది. బస్తాలు వెళ్లిపోయి ఏళ్లయినా ఘాటు మాత్రం కిరాయి కట్టకుండా అక్కడే కాపురం ఉండేది. అందుకే లోకంలో ఏ క్లబ్బుకూ లేని భద్రతా సూత్రం మా గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉండేది: "తుమ్ము వస్తే ముందు పిస్టల్ కింద పెట్టు. ఆ తర్వాత తుమ్ము."

అది రాసింది మా గురువు యాకూబ్ భాయ్. తాతల కాలం నుంచి వాళ్లది కుట్టుమిషన్లు బాగుచేసే కుటుంబం. వెంట్రుకవాసి తేడా కూడా ఆయన వేళ్లకు తెలిసిపోయేది. ట్రిగ్గర్ సరిచేసి నా చేతిలో పెట్టి అనేవాడు:

"గుంజకు బేటీ. పాల మీద మీగడ తీస్తం చూడు, గట్ల నొక్కు."

"ఇంకొంచెం తేలిక చెయ్యుండ్రి భాయ్."

"చెయ్య. పోటీ నాడు ట్రిగ్గర్‌కు అరకిలో బరువు తగిలిచ్చి లేపుతరు. బరువు లేవకముందే టప్పుమన్నదనుకో, నిన్నూ నీ పిస్టల్‌నూ బయటికి పంపుతరు. తేలిక చెయ్యాల్సింది ట్రిగ్గర్ కాదు, నీ తలకాయ."

నేను సండే స్కూల్ టీచర్ని. సూత్రాలంటే నాకు ప్రాణం. పిస్టల్ మూతి ఎప్పుడూ కార్డు దిక్కే ఉండాలి. గురి చూసే సైట్లు కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. కింద పెట్టేముందు, లోపల గుండు లేదని తెలిసేలా గొట్టంలో ఎర్ర దారం దూర్చాలి. వీటిని నేను పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పే రాగంలోనే అప్పజెప్పేదాన్ని. భాయ్ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకునేవాడు.

సైట్ల పాఠం మాత్రం నా ఆత్మకు నేరుగా తగిలింది. పిస్టల్ ముందు చివర ఒక చిన్న ఇనుప దిమ్మ, వెనక పలకలో చదరపు గాడి ఉంటాయి. దిమ్మ గాడి నడుమ నిలబడాలి, రెండు పక్కలా సమానంగా వెలుతురు కనబడాలి. కంటి చూపు ముందు దిమ్మ మీదనే ఉండాలి.

"మరి కార్డు?" అని అడిగాను.

"మసకగ ఉండనీ. కార్డును చూసినవా, చెడిపోయినవ్. దిమ్మను చూడు, కార్డును నమ్ము."

ఆహా! స్పష్టంగా కనబడనిదాన్ని నమ్మడం మాకు కొత్తా? పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో అదే పని. ఆ రోజు నుంచి కార్డును నేను ఎంత మసకగా చూశానంటే, దాని స్థానంలో కొంగ నిలబడినా గుర్తుపట్టేదాన్ని కాదు.

ఇక అసలు ముప్పు తెచ్చిన పాఠం మరొకటి. పేల్చే గీత దగ్గర నిలబడి కళ్లు మూసుకోవాలి, చెయ్యి లేపాలి, కళ్లు తెరవాలి. సైట్లు కార్డు మీదికి వాటంతట అవే వస్తే పాదాలు సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే మణికట్టు తిప్పకూడదు, పాదం జరపాలి. భాయ్ దీన్ని రెండు సెకన్ల పనిగా చెప్పాడు. కళ్లు మూసుకోవడం అనే పని రెండు సెకన్లలో అయిపోతుందని మా సంఘంలో ఎవరైనా నమ్ముతారా? కళ్లు మూస్తే ప్రార్థన. ప్రార్థనంటే ముసుగు. నేను పిస్టల్‌కు పద్ధతిగా ఎర్ర దారం దూర్చి, బల్ల మీద పెట్టి, చున్నీ తల మీదుగా లాక్కుని మొదలుపెట్టేదాన్ని. పాస్టరయ్యగారి మోకాలి నొప్పి దగ్గర బయలుదేరి, సత్తుపల్లి మీదుగా, వేంసూరులో మా మేనత్త గేదె దాకా పోయి వచ్చేదాన్ని. పైగా మేం నిలబడి ప్రార్థిస్తే గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతాం. ఊగేవాళ్ల పాదాలు ఊరుకుంటాయా? ప్రతి స్తోత్రానికీ ఒక అంగుళం జరుగుతాయి.

"బేటీ, మంది ఒక కంటికి చిన్న అట్టముక్క అడ్డం పెట్టుకుంటరు. నువ్వేంది, డేరా ఏస్కున్నవ్?" అనేవాడు భాయ్.

"ఏకాగ్రత భాయ్."

"నీ ఏకాగ్రతల గాలి ఆడక చస్తవ్."

ఇట్లా ఉండగా ఉమ్మడి జిల్లా సెలక్షన్లు వచ్చాయి. ఆడపిల్లల్లో ఇద్దరే రాష్ట్ర పోటీలకు పోతారు. ఇద్దరిలో ఒకదాన్ని నేనేనని ఆదివారం సాక్ష్యంలో లేచి చెప్పేశాను. పాస్టరయ్యగారు "దేవుని చిత్తమైతే" అని చేర్చబోతే, "అయింది అయ్యగారూ" అన్నాను. కూసే గాడిదొచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారు. ఈ కథలో ఆ రెండు గాడిదలూ నేనే.

శుక్రవారం స్త్రీల కూడికలో నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. నడిపించింది ఎస్తేరమ్మ పెద్దమ్మ. వయసు డెబ్బై దాటింది. కంటి శుక్లాలు తీయించుకుని కొత్త చూపుతో లోకాన్ని మళ్లీ తనిఖీ చేస్తున్న మనిషి. ఆమె గొంతు గేటు దాటి రోడ్డు మీదికి వినబడింది: "ప్రభువా, పది పడాలె! మొట్టమొదటి గుండే పది పడాలె!" ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

పోటీ రోజు పొద్దున్నే మూడు ఆటోల్లో పులిహోర డబ్బాలతో పదమూడు మంది దిగారు. మేం మొక్కుబడిగా స్తుతించే జనం కాదు. గోదాము లేచిపోతుందని భయపడి గుమ్మంలోనే ఆపాను.

"లోపల ఎవ్వరూ నోరు విప్పొద్దు. స్తోత్రం అనొద్దు. ఆమేన్ కూడా మనసులోనే."

"దగ్గు వస్తే ఏంజెయ్యాలె బిడ్డా?" అంది ఎస్తేరమ్మ పెద్దమ్మ.

"మింగాలె."

"కొంప మునుగుతుంటేనో?"

"మునగనీ పెద్దమ్మా. నోరు మాత్రం తెరవొద్దు. మీరు మాట్లాడితే నన్ను తీసేస్తరు."

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి నడిచింది.

ఒక్కొక్కరికి ఒక లేన్, దాని ఎదురుగా ఒక కార్డు. నాది మూడో లేన్. కుడిచేత్తో పేల్చేవాళ్లం ఎడమకు తిరిగి నిలబడతాం కనుక నాలుగో లేన్ నా వీపు వెనక పడింది. అందులో పినపాక నుంచి వచ్చిన స్వరూప ఉంది. వాళ్ల నాన్న మణుగూరు బొగ్గు గనిలో పని చేసేవాడు. ఆమె రెండుసార్లు ఒకటీ అరా పాయింట్లతో తప్పిపోయింది.

"ఈసారి గిట్ల పోలేదంటే బాపు బ్యాంకు కోచింగ్‌ల ఏస్తా అన్నడక్కా. ఫారం గూడ తెచ్చిపెట్టిండు" అంది. మొహం పాలిపోయి ఉంది.

"భయపడకు చెల్లీ, నీ కోసం కూడా ప్రార్థన చేస్తా" అన్నాను.

చేశాను కూడా. అదే కొంప ముంచింది.

అసలు పోటీకి ముందు సైట్లు సరిచూసుకోవడానికి పావుగంట ఇస్తారు. ఆ గుండ్లు లెక్కలోకి రావు. పిస్టల్ బల్ల మీద పెట్టాను, ముసుగేసుకున్నాను, మొదలుపెట్టాను. అందరి కోసం అడిగాను. చివర్న స్వరూప పేరు ఎత్తేసరికి భక్తి పొంగి ఒళ్లు మొత్తం ఆమె వైపు ఊగింది, పాదాలు దాని వెంట పోయాయి. కళ్లు తెరిచి చెయ్యి లేపాను. సైట్లు సరిగ్గా ఒక నల్లటి మసక గుండ్రం మీద వాలాయి. ఆహా, ఏమి పాదాలు నావి! లేన్ నంబర్ల అంకెలు కార్డుల పైన ఉంటాయి. నా చున్నీ అంచు కనుబొమ్మల మీద ఉంటుంది. మిగతాది మీకే అర్థమై ఉంటుంది. నాకు మాత్రం కాలేదు.

అయిదు గుండ్లు కొట్టి చక్రం తిప్పితే తాడు మీద నా కార్డు కదిలి వచ్చింది. పండక్కి కుట్టించిన తెల్ల చొక్కాలా ఉంది. ఒక్క చిల్లు లేదు.

చెయ్యెత్తాను. ట్రిగ్గర్లు తూచే బల్ల దగ్గర నుంచి యాకూబ్ భాయ్ వచ్చాడు.

"ఏందిది?"

"అయిదు కొట్టిన భాయ్."

"దేన్ని?"

"కార్డును!"

"గుండు పెట్టినవా అసలు?"

"భాయ్! నన్ను గిట్ల అవమానించొద్దు."

"అయితే కార్డు మీది నుంచి పోతున్నట్టుంది. వెనక సైటు కిందికి దింపు. గుండు ఎటు పోవాల్నో సైటును అటు జరపాలె, యాదుందా?" అని చెప్పి తన బల్ల దగ్గరికి పోయాడు.

కిందికి తిప్పాను. కొట్టాను. ఖాళీ. ఎడమకు తిప్పాను. ఖాళీ. కుడికి, పైకి, మళ్లీ కిందికి. బోరింగు పంపు విప్పినట్టు విప్పాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట, కొట్టలేనమ్మ సైటు వంకరంది.

నా వీపు వెనక మరో నాటకం నడుస్తోంది. స్వరూప మూడు గుండ్లు కొడితే కార్డులో ఎనిమిది చిల్లులున్నాయి. మొదట్లో నావి నడుమనే పడ్డాయి కాబట్టి, లెక్క తప్పానేమో అనుకుని సంతోషించింది. నేను స్క్రూలు తిప్పే కొద్దీ ఆమె కార్డులో చిల్లులు ఎడమకు పాకాయి. పాపం, తన సైటు కుడికి తిప్పింది. నావి కుడికి పోయాయి. ఆమె ఎడమకు తిప్పింది. గుండొకరిది, గుండెదడ ఒకరిది. మూడో లేన్‌లో చిల్లుల కరువు, నాలుగో లేన్‌లో చిల్లుల వరద. రేంజర్ సారేమో ఒకటో లేన్ వదిలి రాలేదు. ఆయన భద్రాచలం అడవుల్లో పనిచేసి రిటైరై మా పోటీలకు అధికారిగా వచ్చినాయన. అక్కడ కొత్తగా చేరిన లెక్చరర్ గారు పిస్టల్ మూతిని ఉపన్యాసం ఇచ్చినట్టు అటూ ఇటూ తిప్పుతుంటే, "అయ్యా, ముందుకు! ముందుకు!" అంటూ చెమటలు కక్కుతున్నాడు.

టైమైపోయింది. నా సైటు మీద, అసలు ఉండాల్సిన చోటుకు గుర్తుగా భాయ్ తెల్ల రంగుతో పెట్టిన చుక్క ఉంది. కొట్టి కొట్టి విసిగి, సైటును తిరిగి ఆ చుక్క దగ్గరికే తెచ్చి, "నీదే భారం" అనుకున్నాను. స్వరూప పిస్టల్ మీది చుక్క ఎప్పుడో చెరిగిపోయింది. ఆమెకు తిరిగి పోవడానికి దారి లేదు.

పోటీ మొదలైంది. కొత్త కార్డులు పెట్టారు. ముసుగు, ప్రార్థన, దిమ్మ, మసక గుండ్రం. మీగడ తీసినట్టు నొక్కాను. ఒళ్లు ఝల్లుమంది. పది! చెయ్యే చెప్పింది పది అని. సంబరంగా చక్రం తిప్పాను.

ఖాళీ.

అదే క్షణంలో నా వెనక నుంచి ఏడుపు గొంతు వినబడింది. "సార్! నేను ఒక్కటే కొట్టిన సార్. రెండున్నయి!"

రేంజర్ సారు పరుగెత్తుకొచ్చాడు. "అందరూ ఆపండి! పిస్టళ్లు కింద పెట్టండి!" స్వరూప కార్డులో ఒకటి పది, ఒకటి ఆరు. ఆయన ఆమె కార్డు చూశాడు, నా కార్డు చూశాడు, నా పాదాలు చూశాడు, నా ముసుగు చూశాడు.

"అమ్మా, నీ లేన్ ఏది?"

"మూడు సార్."

"చున్నీ ఎత్తి చూడు."

ఎత్తాను. నా ఎదురుగా కార్డు పైన ఇంత లావు అంకె ఉంది: నాలుగు.

"ఒక్క గుండేగా, పక్క కార్డులో పడింది" అన్నాడాయన, తన పుస్తకం తెరుస్తూ. "ఆ అమ్మాయికి పెద్ద చిల్లు ఇస్తాం, నీకు సున్న. పోటీ నడవనీయండి."

"సార్, నా సైటు గూడ చెడింది సార్, మల్లొకసారి చూస్కోనియ్యుండ్రి" అంది స్వరూప.

"సైటింగ్ టైం అయిపోయిందమ్మా. నీ సైటు చెడితే నేనేం చేస్తాను?"

అప్పుడు అర్థమైంది నాకు, సైటింగ్‌లో నేను కొట్టిన గుండ్లన్నీ ఎక్కడికి పోయాయో. ఆ సంగతి ఆయనకు తెలియదు, స్వరూపకు తెలియదు. నేను నోరు మూసుకుంటే ఆమె వంకర సైటుతో అరవై గుండ్లు కొట్టాలి. ఉన్నవి రెండే స్థానాలు. సండే స్కూల్లో మూడు ఆదివారాలు ఒప్పుకోలు గురించి పాఠం చెప్పిన నా నోరు ఎండిపోయింది. నిజం చెబుతున్నాను, ఒక తుమ్ము పట్టేంతసేపు ఊరుకున్నాను. తర్వాత గోదాము మారుమోగేలా పలికాను:

"సార్! సైటింగ్‌ల కూడా ఆమె కార్డును నేనే కొట్టిన. అన్నీ నావే. ఆ పిల్ల సైటు చెడగొట్టింది నేనే."

చెప్పి భోరుమన్నాను. అది చూసి స్వరూప కూడా భోరుమంది. సారు నుదురు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు, బీపీ మాత్ర అడిగాడు.

"సాక్ష్యం ఉందా?" అన్నాడు మాత్ర మింగి.

నేను వెనక్కి తిరిగాను. పదమూడు మంది పెదవులు బిగించి, కొంగులు నోట్లో పెట్టుకుని, కళ్లు ఇంతింత చేసుకుని కూర్చున్నారు.

"పెద్దమ్మా, మాట్లాడొచ్చు" అన్నాను.

ఎస్తేరమ్మ పెద్దమ్మ కొంగు తీసింది. గంట సేపు ఆపిన మాట ఆనకట్ట తెగినట్టు దూకింది. "మొదటి గుండు కాడ్నించి చూస్తున్ననే! నీ చెయ్యి ఆ పిల్ల కాగితం దిక్కే పోతాంది. పక్కోళ్ల విస్తట్ల వడ్డిస్తున్నవేందని అరుద్దామనుకున్న. నువ్వేమో కొంప మునిగినా నోరు తెరవొద్దంటివి. మునుగుతుంటే చూస్కుంట కూసున్నం!"

మిగతా పన్నెండు మందీ తలలూపారు. ఒకామె మాత్రం, "నేను గదే పద్ధతేమో అనుకున్న" అంది.

సారు తీర్పు చెప్పాడు. నాలుగో లేన్‌కు మళ్లీ సైటింగ్. రెండు చిల్లుల్లో ఏది ఎవరిదో తేలదు కనుక, తప్పు చేయని మనిషికి పెద్ద అంకె. అంటే నా పది స్వరూపకు, నాకు సున్న.

యాకూబ్ భాయ్ వచ్చి నా చున్నీ మెడ దాకా దించాడు. నా పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. "దువా ఎంతసేపన్న చేస్కో బేటీ. కాళ్లు మాత్రం గీత దాటొద్దు."

ఆ తర్వాత నేను కొట్టిన యాభై తొమ్మిది గుండ్లు నా జీవితంలోకెల్లా గొప్పవి. స్వరూప రెండో స్థానంలో నిలిచింది. నేను మూడో స్థానంలో ఉన్నాను, ఆమె కంటే మూడంటే మూడు పాయింట్లు తక్కువ. లెక్క మీరే వేసుకోండి. నేను వేసుకుని వేసుకుని అరిగిపోయాను.

ఆ పిల్ల పరుగున వచ్చి నన్ను కావలించుకుంది. మణుగూరు బస్సు ఎక్కేముందు మా పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తింది. రాష్ట్ర పోటీల నాడు ఫోన్ కూడా చేసింది: "అక్కా, నా కోసం ప్రార్థన చెయ్యి. కానీ నీ ఇంట్లనే ఉండి చెయ్యి."

ఆ రోజు ఆటోలో నేను ముక్కు చీదుకుంటూ అడిగాను. "అంత ఉపవాసం ఉంటిమి కద పెద్దమ్మా, మన ప్రార్థన ఎందుకు వినలేదు?"

"వినకేమే!" అంది ఎస్తేరమ్మ పెద్దమ్మ, పులిహోర డబ్బా ఒళ్లో సర్దుకుంటూ. "మొట్టమొదటి గుండే పది పడాలె అన్నం. పడ్డది. ఏ కాగితం మీదనో మనం చెప్పలేదు కద బిడ్డా!"

కనుక సంఘ పెద్దల ఎదుట, గోదాములోని మిర్చి ఘాటు సాక్షిగా నేను ప్రమాణం చేసి ఉన్నాను. బతికినంతకాలం నేను సుద్దగీతలోనే నిలబడి ప్రార్థిస్తాను. గేదెను పోటీల్లోకి తీసుకురాను. కొంప మునుగుతుంటే అరవమని అందరికీ ముందే చెబుతాను. ఇక ఏ పది కోసం మోకరించినా, నా పేరు, ఊరు, కార్డు, లేన్ నంబరు స్పష్టంగా విన్నవించిన తర్వాతే ఆమేన్ అంటాను.