ఎర్ర స్టిక్కర్ డబ్బా

మొన్న పట్టపగలు శామీర్‌పేటలో ఒక పోస్టాఫీసును నేనొక్కణ్నే ఖాళీ చేయించాను. జెండా లేదు, నినాదం లేదు. చేతిలో బిస్కెట్ల డబ్బా, అంతే!

మా చెల్లె లావణ్య వరంగల్ హాస్టల్లో ఉంటుంది. తన పోయిన పుట్టినరోజుకు కేకు ముందు నిలబడి "ఇదంతా మార్కెట్ కుట్ర!" అని ఉపన్యాసం దంచాను. తను కేకు ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఈసారి రాగిపిండి, బెల్లంతో నా చేత్తో బిస్కెట్లు చేశాను. కొత్త అట్టపెట్టె కొంటే చెట్టును నరికినట్టే కదా! తుర్కపల్లి ల్యాబులో పనిచేసే రూమ్మేట్ నరేశ్ అక్కడి నుంచి తెచ్చి ఉల్లిగడ్డలు పోసుకున్న పాత థర్మాకోల్ డబ్బాను, నీళ్లు దండగని లోపల మాత్రమే కడిగి, అందులో సర్దాను.

షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా లోపల టక్, టక్. ఎవరో తలుపు కొట్టినట్టు. ఎదురుగా కూర్చున్న చేపల గంప అవ్వ నా ఒళ్లోకే చూస్తోంది. రెప్ప వేయదు. ఏ స్టాపూ లేనిచోట దిగిపోయింది. తర్వాత ఇద్దరు దిగారు. చెరువు దగ్గరికొచ్చేసరికి నేనొక్కణ్నే. డ్రైవర్ అద్దంలోంచి చూస్తున్నాడు. దింపేసి, కిరాయి తీసుకోకుండా వెళ్లిపోయాడు.

పోస్టాఫీసులో నా ముందు ఆరుగురు. జేబులో అడ్రస్ వెతికి తలెత్తితే... ఎవరూ లేరు! ఒక చెప్పు మాత్రం పడి ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. కౌంటర్ వెనక ఖాళీ కుర్చీ ఇంకా ఊగుతోంది.

లోపలి తలుపు సందులోంచి ఆడగొంతు వినపడింది. "తమ్మీ! డబ్బా కింద పెట్టు. జల్దీ!"

"ఎందుకు పెట్టాలె? ఇది ప్రజల పోస్టాఫీసు!"

"ప్రజలు ఉరికిన్రు. గా డబ్బా అటు తిప్పి సూడు."

తిప్పాను. ఎర్ర స్టిక్కర్. 'డేంజర్. వైరస్ శాంపిల్. తెరవొద్దు.'

"మేడమ్, మా చెల్లెకు చేసిన బిస్కెట్లు!"

"అయితే నువ్వు తిను. నేను సూస్త."

కొరికాను. ఆ చప్పుడు హాలంతా మోగింది. "ఇంకోటి," అంది. మూడోదానికి బయటికొచ్చి, తనూ ఒకటి కొరికింది. "రోగం లేదు గానీ, పండ్లు జాగ్రత్త." స్టిక్కర్ తనే గీకేసి, కాగితం చుట్టించి పంపింది.

పుట్టినరోజు నాడు ఫోన్ వచ్చింది. "అన్నా! మస్తున్నయ్. రూమ్ పోరీలు ఎగబడ్డరు. నాకు దక్కింది ఒక్కటే."

జరిగిందంతా చెప్పాను. ఏడాది తర్వాత చెల్లె నవ్వు విన్నాను.

"మరి గా స్టిక్కర్ ఎందుకు తీయనిచ్చినవ్ అన్నా?"

ఉన్నది అందరికీ సమానంగా పంచాలని గోడల మీద రాసినవాణ్ని నేను. ఇప్పుడు రెండో డబ్బా నింపి, ఇంకో ఎర్ర స్టిక్కర్ తెచ్చిపెట్టమని నరేశ్ కాళ్లు పట్టుకుంటున్నాను.